చుక్కల లెక్క

నిమిషానికి ఎన్ని చుక్కలు? అని అడిగిందామె.
ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో పానా పట్టినవాణ్ణి,
కారుతోందా లేదా అని చూశానే గానీ
చుక్కల్ని ఎన్నడూ లెక్కపెట్టలేదు.
సూర్యారావుపేటలో మత్తు డాక్టరట, స్నేహలత.
నూనె మరకల మీదే గొంతుక్కూర్చుని
గడియారం చూస్తూ, పెదాలు కదపకుండా,
ఇరవై రెండు, అంది.
సెలైన్ అయితే మంచి వేగమేనట.

బండి యాభై రెండు నాటి ఎమ్‌జీ. రెండే సీట్లు.
గుంటూరులో ఓ పొగాకు షావుకారు గోడౌన్లో
బేళ్ల వెనక చాలాకాలం నిద్రపోయింది.
తోలుసీట్లలో ఇంకా ఆ ఘాటు,
దాని మీద ఇప్పుడు పెట్రోలు వాసన.
మే నెల, రేకుల షెడ్డు.
అలవాటుగా బీడీ తీసిన మా సుభానీ
నా మొహం చూసి మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

రెండు కార్బొరేటర్లు, తోడికోడళ్లు.
ఒకదాన్ని పట్టించుకుంటే రెండోది అలుగుతుంది.
ముందుదాని మూత విప్పాను.
తేలాల్సిన ఇత్తడి బుడ్డి
గిన్నె అడుగున కూర్చుని ఉంది.
తీసి చెవి దగ్గర ఊపితే
ముదురు కొబ్బరికాయలా లొటలొట.
ఎక్కడా చిల్లు కనబడదు.

కాగిన నీళ్లలో ముంచితే అదే చెప్పింది.
అతుకు పక్కనుంచి బుడగలు,
ఆవగింజంత, తర్వాత అంత కూడా కాదు.
డాక్టరమ్మ వాటినీ లెక్కపెట్టబోయి ఊరుకుంది.

నిండుది మండుతుందిరా, ఖాళీది పేలుతుంది,
అనేవాడు మా జిలానీ మేస్త్రీ,
కనుబొమలు లేని మొహంతో.
అందుకే రెండో చిల్లు పొడిచి, లోపలిది ఊది,
మూడుసార్లు వేడినీళ్లు పట్టించి,
రోజంతా షెడ్డు పైకప్పు మీద ఎండబెట్టాను.
కాకి ఒకటి వచ్చి తన్ని చూసింది.

సీసం నేను పెట్టలేదు.
లారీ సైలెన్సర్లకు మొద్దుబారిన చెయ్యి ఇది.
వన్‌టౌన్ సందులో నాగలింగాచారి దగ్గరికి పట్టుకెళ్లాను.
ముక్కుపుడకలు అతికే కంసాలి, అటూ ఇటూ తిప్పి
ఏ దేవుడికి? అన్నాడు.
కార్బొరేటర్‌కి అన్నాను. నవ్వలేదు.
అతుకు బరువైతే ఆలస్యంగా తేలుతుంది ఆచారీ,
పెట్రోలు పొంగిపోతుంది, అన్నాక మాత్రం
కుర్చీ ముందుకు లాక్కున్నాడు.
దీన్నీ, వెనకదాంట్లోంచి తెచ్చిన జతనీ
చిన్నత్రాసులో చెరో పక్కన పెట్టి
ఆకురాయితో గీశాడు, తూచాడు, మళ్లీ గీశాడు.
ముల్లు నిలబడేసరికి వీధి లైట్లు వెలిగాయి.
ఇన్నాళ్లూ బంగారం తరక్కుండా తూచాను,
ఉత్త గాలి కోసం తూచడం ఇదే మొదలు, అన్నాడు.
కూలి ఎంతంటే
బండి ఈ సందులోకి తెచ్చి ఓసారి హారన్ కొట్టించు, చాలు.

కింద జెట్టు దగ్గరి కార్కులు కూడా కుళ్లాయి.
ఇప్పటి పెట్రోలు పాత కార్కుల్ని తినేస్తోంది.
కొత్తవి కోసి ఆముదంలో నానేసి బిగించాను.
పంపు టకటకలాడి, గిన్నెలు నిండి, మూగబోయింది.
ముగ్గురం చతికిలబడి చూస్తున్నాం.
ఆమె గడియారం, నా ఊపిరి, సుభానీ ఆర్పిన టార్చి.
ఒక నిమిషం. రెండు.
మూడో నిమిషంలో టప్పుమంది,
వెనకదాని కింద.

తోడికోడలు, అన్నాను.
ఆమె లేచి, గడియారం విప్పి జేబులో వేసుకుని,
ఏ పానా కావాలి? అంది.
మన నంబర్లు దీనికి పట్టవమ్మా,
ఆ గుడ్డసంచీలోవి, తుప్పు పట్టినవి, అవే.

హారన్ మోగడం లేదు.
ఆ మాట ఆచారికి ఇంకా చెప్పలేదు.