తడి గుడ్డ

మధ్యాహ్నం రెండు.
సీతారామపురం బీటు ఆఫీసు వెనక
తెల్ల రంగేసిన చెక్కపెట్టె తలుపు తీస్తాను.
లోపల రెండు ఉష్ణమాపకాలు, కవలలు.
ఒకటి ఉన్న ఎండని ఉన్నట్టు చెప్పేది,
రెండోది మూతికి తడి గుడ్డ చుట్టుకున్నది.
పొడిది నలభై రెండు. తడిది ఇరవై రెండు.
నడుమ ఇరవై డిగ్రీల దప్పిక.

పట్టికలో వేలు జరుపుతూ పోతే తేమ పదహారు.
గాలి పడమర. చినుకు పడి నూట పదకొండు రోజులు.
వెలిగొండ వాలు మీద బోదగడ్డి
ఒకదాన్నొకటి రాసుకుంటూ గుసగుసలాడుతోంది.
రిజిస్టర్లో 'అతి ప్రమాదం' అని రాసి
చెక్‌పోస్టు గడకి ఎర్రగుడ్డ ఎక్కిస్తాను.

అది ఎగిరిన రోజు ఎవరూ కొండెక్కకూడదు.
మేకలకి లేదు, తేనెకి లేదు,
చీపురు పుల్లకీ లేదు.
మానికల అంకమ్మ గంప బోర్లించి
దాని మీదే కూలబడింది.
"మూడు దినాలుగా ఎగరేస్తా ఉండావు గదా,
యాడ సామీ నీ అగ్గి?"

రాని మంటకి సాక్ష్యం ఎవరిని పిలవను?
కాలని కొండ నిన్నటి కొండలాగే ఉంటుంది.
ఆమె పోగొట్టుకున్న కూలికి మాత్రం
వేళ్ల మీద లెక్కుంది.

పోయిన మే నెల సంగతి ఆమెకి చెప్పలేదు.
ఆ మధ్యాహ్నం రెండు ఉష్ణమాపకాలూ
ఒకే మాట మీదున్నాయి.
నలభై మూడు. నలభై మూడు.
పట్టిక ప్రకారం తేమ నూటికి నూరు.
రాసేశాను. కింద సంతకం కూడా.
ఎర్రగుడ్డ దించి, మడతపెట్టి, బల్ల కిందకి తోశాను.
సీసాలో నీళ్లు ఏ ఉడత తాగిపోయిందో,
గుడ్డ ఎండి అట్ట కట్టి,
తడిది పొడిదాన్నే వల్లించింది,
దాహంతో పోయేవాడు
వాన, వాన అని కలవరించినట్టు.

ఆ రాత్రి కొండ నడుముకి నిప్పుల మొలతాడు.
ఉపగ్రహం పంపిన ఎర్రచుక్క
మేం కళ్లారా చూసిన గంటన్నరకి
ఫోనులో మోగింది.
పచ్చి కొమ్మలతో కొట్టీ కొట్టీ తెల్లారితే
నా పక్కన మసి మొహంతో అంకమ్మ.
ఏమీ అడగలేదు. దగ్గుతోంది.

ఇవాళ నాలుగో రోజు.
నాకంటే ముందే వచ్చి పెట్టె దగ్గర నిలబడింది.
రాలిన బిల్లు ఆకు ఒకటి
నా చెవి పక్కన పెట్టి నలిపింది.
అప్పడం.
"ఇది చెప్పలా? సరే, నీ పెట్టెనీ అడుగు."
తలుపు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"అబయా, ముందు దానికి నీళ్లు తాపినావా?"

ఆమె బొడ్డున దోపుకున్న ప్లాస్టిక్ సీసాలో
గుక్కెడే ఉన్నాయి.
చిన్న సీసా నిండేదాకా ఒంపి,
మిగిలిన చుక్క నాలుక మీద వేసుకుంది.

రెండు దాటి పది నిమిషాలు.
రాయడం మొదలుపెట్టలేదు ఇంకా.
వేలితో గుడ్డని ముట్టుకుని చూస్తున్నాను.