అరువు గొంతు

తొమ్మిదేళ్లు ఆమె నోట్లో కాపురమున్నాను.
కనకవల్లి కళ్లెర్రజేస్తే
అద్దాల గదిలో చెమటపట్టిన హెడ్‌ఫోన్ పెట్టుకుని
ఆ ఎరుపుకి నా తెనాలి మాట అతికించేదాన్ని.
పెదవులు కలిసేచోట పకారమో మకారమో పడాలి,
మిగతాది ఎలా ఉన్నా ఏడున్నరకి ఎవరూ పట్టించుకోరు.

ఒక్కసారీ కలవలేదు.
ఐనా నవ్వబోయే ముందు చిన్న ఊపిరి తీస్తుందని తెలుసు,
ఏడుపు సీన్లో ఎడమ కనుబొమ ఒక్కటే వణుకుతుందని తెలుసు,
ఏ నెలలో పన్ను పీకించుకుందో కూడా తెలుసు.
అసలు గొంతు మాత్రం
పైలట్ ట్రాకులో ప్రాంప్టరు కేకల కింద నలిగిన గుసగుస.
అడ్డమని తగ్గించుకునేదాన్ని.

మొన్న శ్రావణంలో కనకవల్లిని చంపేశారు.
ఒక లారీ. ఒక కేక. కేక నాదే.
మర్నాటి ఎపిసోడ్‌లో ఫొటోకి దండ.
వారం తిరక్కుండా నాకు ఇంకో పిల్ల నోరు దొరికింది.
ఆమెకేం దొరికిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పనుండి విశాఖ వచ్చి, పని అయిపోయి,
రైలుకి ఇంకా ఆరుగంటలుందని
పెద జాలారిపేట అన్నాను ఆటో అతనితో.
“శ్రీహితా? అదెవులు?
ఓ, మసేనమ్మ కూతురు నూకరత్నం! మా గుంటే!”

ఇంటి ముందు వలమీద నెత్తళ్లు ఎండుతున్నాయి.
మసేనమ్మ చేప పొలుసు తీస్తూ,
నేనెవరో అడక్కుండానే పీట జరిపి, టీ ఇచ్చి, చెప్పుకుపోయింది:
జగదాంబ దగ్గర లోకల్ కేబుల్లో
సాయంత్రం ఫోన్లెత్తి పాటలేసేదట పిల్ల,
రేవులో పడవలాగిన వాళ్లు కూడా ఫోన్ చేసి
“రత్నమా, మాట్లాడవే కాసేపు” అనేవారట.
హైదరాబాదులో మొదటి రోజే ఎవడో డైరెక్టరు
“మొహం బాగుంది, మాటే సముద్రం వాసనొస్తోంది” అన్నాడట.
పేరూ గొంతూ ఆ రోజే తీసేశారు.
పూర్ణా మార్కెట్‌లో అప్పుపెట్టి కొన్న చీరలు మాత్రం ఉంచుకున్నారు.
సింహాచలం క్యూలో ఓ ముసలమ్మ
“కోడల్ని అలా ఏడిపిస్తావంటే” అని చెయ్యి చేసుకుందట.

ఏడిపించిన మాటలు నావి.
టీ గొంతులో దిగలేదు.

“తొమ్మిదేళ్లూ సూసినానమ్మా, రోజూ.
సౌండు తీసేసి సూసినాను.
నా గుంట నోట ఎవుల్దో మాట.
బూతం పట్టినట్టుండీది.”

ఆ బూతం పీటమీద కూర్చుని
గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది.

అప్పుడు సందు మలుపులోంచి వినబడింది:
“ఓలమ్మ, కోనాం ఆ రేటేటి! హార్బర్లో నాను సూసి రాలేదనుకున్నావేటి!”
పడవ అడుగు ఇసకమీద ఈడ్చినట్టు
బరువైన, గరుకైన, తడి గొంతు.
దానికి మకారాలతో పనిలేదు.
పెదవులే దాని వెనక పరిగెడుతున్నాయి.

లేచి “బాగున్నారా” అన్నాను. అంతే.
బుట్ట దించకుండా ఆగిపోయింది.
తొమ్మిదేళ్లు నేను ఆమె నోటిని చూసినట్టు
నా నోటిని చూసింది.

చాలాసేపటికి:
“లారీ కాడ అంత కేక అరిసినావు కదా,
అప్పుడు ఏటి తలుసుకున్నావు?”

అబద్ధం ఆడదామనుకున్నాను, కుదర్లేదు.
“మూడు నెలల పేమెంటు ఎగ్గొడతారేమోనని.”

“నానూ అదే!”

చిన్న ఊపిరి తీసింది.
అలవాటుకొద్దీ నా నోరు తెరుచుకుంది.
నవ్వు ఆమె గొంతులోంచే వచ్చింది,
కప్పుమీది కాకులు లేచేంత పెద్దగా.

మసేనమ్మ పొలుసు చేతులతో తలెత్తి
ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసి
“ఎవులే ఈవిడ?” అంది.

ఇద్దరిలో ఎవరం చెప్పాలో తెలియక
కోనాం వైపు చూస్తూ నిలబడ్డాం.