తల లేని ఫైలు

అల్లిపురంలో జెరాక్సు షాపు పైన నా గది.
కిటికీ మూసినా పోర్టు నల్లదుమ్ము వచ్చి
కీబోర్డు మీద కూర్చుంటుంది,
స్పేస్ బార్ కింద కరకరమంటుంది.
రాత్రి పదకొండు. తెర మీద ఒకే వాక్యం:
"ఈ ఫైలు తెరవడం కుదరలేదు."
ఎందుకో చెప్పదు.
గవర్నమెంటు గుమాస్తా నయం,
రేపు రమ్మనైనా అంటాడు.

నలభై ఆరు నిమిషాల తెడ్డు పోలమ్మ.
ఐదు వందల ముప్ఫై మెగాబైట్లు.
బరువుంది. మాట లేదు.

పెద జాలారిపేట ఇసుకలో, పడవ నీడన కూర్చుని
వాళ్ల నాన్న రాళ్లు చెప్పింది ఆమె:
నీళ్ల కింద రాళ్లు, చేపలు చేరే చోట్లు,
ఏ కొండ ఏ కొండ మీదికొస్తే ఏ రాయో.
చివర్లో రికార్డరు నా మోకాలి మీంచి జారింది.
బ్యాటరీ మూత ఊడింది.
బ్యాటరీలు రెండూ పీతపిల్లల్లా
చెరో పక్కకీ పారిపోయాయి.

మొదట అందరూ చేసేవే చేశాను.
పేరు మార్చాను, చివరి మూడక్షరాలు మార్చాను,
వేరే సాఫ్ట్‌వేరులో, ఫోనులో,
కింద పైడిరాజు పాత కంప్యూటరులో పెట్టి చూశాను.
కార్డు తీసి చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాను,
అది వైద్యం కాదని తెలిసి కూడా.

తర్వాత ఫైలు కడుపు కోశాను.
అంకెల బారులు.
మొదటి నలభై నాలుగు బైట్లలో
తన పొడవు తాను రాసుకోవాల్సిన చోట
సున్నాలు.
అన్నీ అయ్యాక వెనక్కొచ్చి రాస్తుందట ఆ లెక్క,
వంటయ్యాక చేయి కడుక్కుని పద్దు రాసే మనిషిలా.
ఆ తీరిక దానికి దొరకలేదు.
కాబట్టి సాఫ్ట్‌వేరు లెక్కలో పోలమ్మ
సున్నా సెకన్లు మాట్లాడింది.

తలతో పని లేదు, మొండేన్నే తెరవమన్నాను.
ఇక ప్రశ్నలడగడం దాని వంతు:
ఎన్ని బిట్లు? సెకనుకెన్ని నమూనాలు?
ముందు ఏ బైటు? చానళ్లెన్ని?
ఒక్క కొండ తెలిస్తే రాయి దొరకదు,
రెండు కలవాలి, అంది పోలమ్మ.
నాకు ఒక్కటీ గుర్తు లేదు.

మొదటిసారి సలసల కాగే నూనెలో
ఎవరో బీచి రోడ్డంత అప్పడం వేసినట్టు.
బైట్ల వరస తిరగేశాను.
అప్పుడు పలికింది

ఒక మగవాడు.
సగం వేగంతో, బావి అడుగు నించి:
"యారా... డ... కొండ ముక్కు..."
స్టీరియోని మోనో అని చెప్పానన్నమాట.
కుడీ ఎడమా ఒకదాని వెనక ఒకటి
రేషను క్యూలో నిలబడి వస్తున్నాయి.

దిద్దేలోపు ఫోను. తెల్లవారుజాము నాలుగు.
హార్బరుకి బయల్దేరుతూ పోలమ్మ:
"ఏటి బాబూ, తెరుసుకుందా?"
నవ్విద్దామని ఫోనుని స్పీకరు దగ్గర పెట్టాను.
ఆమె నవ్వలేదు.
"ఇది మా అప్పన్న గొంతుకు," అంది.

వేరావల్ బోట్లకెళ్లి పదకొండేళ్లయిన తమ్ముడు.
వల వాటా దగ్గర మాటా మాటా వచ్చి
అప్పట్నించీ ఫోను లేదు.
"ఆ రాళ్లన్నీ ఆడికే తెలుసు.
నాను ఇన్నవి సెప్పాను, అంతే.
ఇంకొకపాలి యెయ్యి."

వేశాను.
"సింహాచలం కొండ... భుజం మీద..."
అవతల ఆటో వచ్చి ఆగింది,
ఐసు పెట్టెల మోత, ఎవరో ఆమెని పిలుస్తున్నారు.
ఆమె పలకలేదు.

"నీ గొంతు కూడా దొరికింది పోలమ్మా,
ఒక్క నొక్కు నొక్కితే..."
"నాది నాకెందుకయ్యా,
నాకాడే ఉంది కదా."

చానళ్లు రెండు అని పెట్టి కొత్త తల కుట్టాను.
నలభై ఆరు నిమిషాలు:
పడవ కింద గాలి, ఆమె, చివర్లో నా "అయ్యో".
ఇంకోటి తొంభై రెండు నిమిషాలు,
తప్పుని తప్పుగానే ఉంచి దాచబోతే
పేరేమిటని అడిగింది.

అప్పన్న అని కొట్టబోయాను.
ఆ మనిషి బతికే ఉన్నాడు,
అతని గొంతు అతనికాడ ఉండే ఉంటుంది.
వేళ్లు ఆగాయి.
కర్సరు కొట్టుకుంటోంది.
కింద పైడిరాజు షట్టరు ఎత్తుతున్నాడు.