పై ప్లగ్గు

నాలుగున్నర. ఫెర్రీ రేవులో చీకటి ఇంకా పల్చబడలేదు.
థర్మలు గొట్టాల నెత్తిన ఎర్రదీపాలు
వెలిగి ఆరి, వెలిగి ఆరి...
నా ఇంజనూ నెలరోజులుగా అదే వరస.

ఖాజావలి మేనల్లుడి పెళ్ళికని మంగళగిరి పోయాడు.
ఫోన్లో చెప్పాడు:
"నువ్వే విప్పు తిరపతమ్మా, చేప కడుపు చీరినంత పని.
తీగ పట్టుకు లాగమాక, టోపీ పట్టుకు లాగు."

లాగాను. నోట్లో టార్చి, గడ్డం మీదికి చొంగ.
గట్టుమీద పదకొండుమంది,
లంకలో పసుపు తవ్వకానికి,
ఒళ్ళో క్యారేజీలు, నిన్నటి పచ్చ వదలని గోళ్ళు.
"అక్కా, కాన్పు ఎప్పుడవుద్ది?" అంది మరియకుమారి.
నవ్వితే టార్చి కృష్ణలో పడుద్దని
నవ్వలేదు.

ముందు ఊదాలి.
సైకిలు పంపుతో చుట్టూ ఊదాను.
ఒక్క ఇసకరేణువు లోపలికి జారినా
సిలిండరు గోడంతా గీరుకుపోద్దంట.

కిందది మూడు తిప్పులకే వచ్చేసింది.
మూతిమీద ఎండిన డికాషన్ రంగు.
"ఒంట్లో బాగున్నోడి నాలుక అది" అన్నాడు ఫోన్లో.

పైది రాలేదు.
బలం పెట్టొచ్చు. పెడితే విరుగుద్ది,
సగం లోపలే ఉండిపోద్ది,
అప్పుడు ఆటోనగరు, ఆ తర్వాత అప్పు.
కిరసనాయిలు నాలుగు చుక్కలేసి కూర్చున్నాను.
కూర్చోడమూ పనేనని
గట్టుమీద వాళ్ళకి ఎట్లా చెప్పడం?

వచ్చింది చివరికి,
పోబుద్ధి కాని చుట్టంలా, కిర్రుమంటూ.
తడితడిగా, మూకుడు అడుగంత నల్లగా.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను: కాలని పెట్రోలు.

అంటే పైగదిలో పొయ్యి రాజుకోనే లేదు.
ఎన్నాళ్ళనించో కిందదొక్కటే
ఈ పడవని, ఈ ఆడాళ్ళని, తడిసిన పసుపు మూటల్ని
ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ ఈడుస్తోంది.

నేనేమో
మేట వేసిన ఇసకన్నాను.
బంకువాడు నీళ్ళు కలిపాడన్నాను.
పోయిన శుక్రవారం పొద్దుగూకే వేళ
లంకరేవులో ఆదెమ్మ గడ్డిమోపుతో ఎక్కబోతే
"దిగు, నీ మోపుకే ఇంజను చస్తోంది" అన్నాను.
మారు మాట్లాడకుండా దిగింది.
నాదే ఆఖరి పడవని
ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

పసుపు ఉడకేసే పాకలో పడుకుందంట ఆ రాత్రి.
ఇవతల ఇంట్లో గేదె తెల్లార్లూ అరిచిందంట.

కొత్తవాటి మూతుల్లో
రంపంబ్లేడు ముక్క దూర్చి చూశాను.
దూరీ దూరనట్టుండాలి.
ఎడం ఎక్కువైతే నిప్పు దూకదు.
వేళ్ళతోనే తిప్పాను, పురిమీద పురి ఎక్కకుండా.
ఆఖర్న స్పానరుతో పావు తిప్పు, అంతే.

తాడు లాగాను. దగ్గింది.
మళ్ళీ లాగాను. పొగ.
మూడోసారికి రెండు గొంతులూ కలిసి అందుకున్నాయి.
"పుట్టింది!" అరిచింది మరియకుమారి.
పదకొండుమందితో, గునపాలతో, పడవ ముక్కు పైకి లేచింది.
దీనికి ముక్కు లేస్తుందనే
మర్చిపోయాను.

ఆదెమ్మ ఈ పదకొండుమందిలో లేదు.
ఆ రోజునించీ రావట్లేదు.
గేదెని అమ్మేసిందని ఒకరు,
కాదు, తవుడుతో నెట్టుకొస్తోందని ఒకరు.

నల్లప్లగ్గు ఏట్లో పారెయ్యమన్నాడు ఖాజావలి.
కొంగున ముడేశాను. కొంగుకి మరకంటింది.
గుంటుపల్లిలో వ్యాగన్ వర్క్‌షాపు గోడ పక్క సందు, ఆమె ఇల్లు.
ఇది చూపిస్తే ఆమెకేం అర్థమవుద్ది?
మోపుకి బరువు లేదని చెప్పడానికి
ఇంత ఇనప ముక్క పట్టుకుపోవాలా?

సాయంత్రం ఆఖరి ట్రిప్పయ్యాక వెళ్తాను.
గేదె అరుపు వినపడితే
గుమ్మంలోంచే పిలుస్తాను.