మేడమ్ గారి కిలోమీటర్లు

కువైట్, సల్వాలో మూడంతస్తుల ఇల్లు.
కింది గదిలో, సోఫాల మధ్య,
నేల మీద పడవ.
చెక్కతో చేసింది. ముందు గాజు డోలు,
డోలులో బిందెడు నీళ్ళు.
పిడి లాగితే నీళ్ళు తిరుగుతాయి,
పడవ మాత్రం కదలదు.

కొన్న వారం ఎక్కారు మేడమ్ హెస్సా.
తర్వాత దాని మీద నల్ల అబాయాలు ఆరాయి,
పిల్లల బడిసంచీలు ఎక్కి కూర్చున్నాయి.
నేను తుడిచేదాన్ని, పట్టా, సీటు, చిన్న తెర.
అప్పుడప్పుడు నీళ్ళలో ఓ బిళ్ళ వేసేదాన్ని
పాచి పట్టకుండా.

అప్పుడొచ్చింది పందెం.
నలుగురు అక్కచెల్లెళ్ళు, నలభై రోజులు.
ఎవరి పడవ ఎక్కువ దూరం పోతే
మిగతా ముగ్గురూ కలిసి ఆవిడకి గొలుసు చేయించాలి.
లెక్కంతా ఫోన్లో అందరికీ కనబడుతుంది.
మూడో రాత్రి మేడమ్ వంటింట్లోకి వచ్చి
తలుపు దగ్గరగా వేసి
"సువార్తా, నీ చేతులు గట్టివి" అన్నారు.

చేతుల సంగతి సరే,
నా ఒళ్ళు ఆవిడ చూడలేదు.
ఆరేళ్ళుగా అర్ధరాత్రి సింకు దగ్గర నిలబడి
పళ్ళేల్లో మిగిలిన మచ్‌బూస్ తిన్న ఒళ్ళు.
పారెయ్యడానికి చెయ్యి రాదు నాకు.
ఆ మెతుకులన్నీ నడుం చుట్టూ దాచుకున్నాను
బ్యాంకులో వేసుకున్నట్టు.
మెట్లెక్కితే మోకాళ్ళు మాట్లాడేవి.

మొదటి రాత్రి మూడు నిమిషాలు.
గుండె గొంతులోకొచ్చి కూర్చుంది.
కాళ్ళతో తన్నాలని తెలీక చేతులతోనే లాగి
పొద్దున్న పిండి పిసకలేకపోయాను.
డ్రైవర్ కుంజుమోన్ నవ్వాడు,
"అది వెనక్కి పోయే పడవ చేచీ,
ఎదరేముందో చూడక్కర్లేదు."

అంకెలు లెక్కెడితే ఆపెయ్యాలనిపిస్తుంది.
అందుకని మా లంకలో గడపలు లెక్కెట్టాను.
ఒక లాగుకి ఒక గడప.
చర్చి పక్క మరియమ్మక్క ఇల్లు,
తాటాకు తీసి రేకులేసిన ఏసుదాసు ఇల్లు,
కుక్క మొరిగే ఇల్లు,
మేం అప్పున్న ఇల్లు,
అక్కడ కొంచెం గట్టిగా లాగేదాన్ని.
అట్నుంచి ఏటిగట్టెక్కి రేవు దాకా.
మొదట్లో సగం వీధిలోనే కూలబడేదాన్ని.
పదిహేనో రాత్రి రేవు చేరాను.
డోలులో నీళ్ళు
పంటు కింద నీళ్ళలాగే చప్పుడు చేశాయి.
ఏసీ చలిలో చెమట,
ఊడ్పుల్లో పట్టేంత చెమట.

ఎక్కబుద్ధి కాని రాత్రులు లేవా?
ఉన్నాయి. జీతం రాని రాత్రి.
ఇంటి నుంచి ఫోను మోగి మోగి ఆగిపోతే
ఎత్తకుండా చూస్తూ కూర్చున్న రాత్రి.
ఐదు గడపలు చాల్లే అని కూర్చుని
ముప్ఫై దాటిన రాత్రి కూడా అదే.

నలభయ్యో రోజు తెర మీద పూలు రాలాయి,
బొమ్మ పూలు. శభాష్ హెస్సా, అంది.
నూట పన్నెండు కిలోమీటర్లు.
మేడమ్ మెడలో కొత్త గొలుసు.
మెడ పాతదే, బరువు పాతదే.
నా చేతి గాజు మాత్రం సబ్బు నీళ్ళలో జారి
సింకు అడుగున టింగుమంది.

అది విని ఇటు చూశారు మేడమ్.
మొదటిసారి నిలువునా చూశారు.
"చిక్కిపోయావేం? తినడం లేదా?
మా వాళ్ళు చూస్తే
పనిమనిషికి తిండి పెట్టరంటారు నన్ను."
లేత ముక్కలు ఏరి మరీ
నా పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేశారు.
తిన్నాను. సగం.
మిగతా సగం డబ్బాలో పెట్టి
పొద్దున్నే రోడ్డు ఊడ్చే కుర్రాడికిచ్చాను.
చెయ్యి రానిది పారెయ్యడానికే కదా,
ఇవ్వడానికి ఎప్పుడూ ప్రయత్నించలేదు.

పందెం అయిపోయింది.
అబాయాలు మళ్ళీ ఆరుతున్నాయి.
శుక్రవారం రాత్రి అందరూ పడుకున్నాక
వాటిని మడతపెట్టి సోఫా మీద పెట్టాను.
ఎవరని అడిగింది తెర.
హెస్సా, ఒక గడి.
దాని కింద ఇంకోటి, అతిథి.
నొక్కాను.
సున్నా చూపించింది,
ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఎక్కనట్టు.
నవ్వొచ్చింది.
పాదాలకి పట్టీలు బిగించాను.

మరియమ్మక్క ఇల్లు.