కానా

"ఏముందమ్మా, ఒక్కసారి చూసి ఇచ్చుడే గదా"
అంటరు.
తహసీల్ ఆఫీసు ఎదురుంగ నా టేబుల్ మీద
కాగితం పడేసి చాయ్‌కు పోతరు.

సిరొంచల నాకు తెలిసిన పనులల్ల
చూసుడు కన్న పెద్ద పని లేదు.
వాళ్ళు తెలుగుల జెప్తరు,
నేను మరాఠీల కొడత,
సంతకం పెట్టే సారు నాగపూర్ దిక్కోడు,
హిందీల అర్థం జేసుకుంటడు.
మూడు గట్లు దాటొచ్చిన వాక్యం
బయలెల్లిన వాక్యమేనా అని
అడిగే తీరిక ఎవరికున్నది?

జాడి పోచుబాయి చేను
నూటపన్నెండు బై రెండు అ.
ఎనుకటి సంది అంతే. పత్తి, మిరప,
ప్రాణహిత పొంగిన ఏడు ఏమీ లేదు.
మునిగిన చేన్లకు పైసలొచ్చినయంటే
లిస్టు చూడ వచ్చింది.
లిస్టుల నూటపన్నెండు బై రెండు ఆ.
అక్షరం పక్కన ఒక్క నిలువు గీత.
మనం దీర్ఘం అంటం, వాళ్ళు కానా అంటరు.
ఆ 'ఆ' ఎవ్వరిదీ కాదు,
నది నడుమ ఇసుక దిబ్బ.

"గీత కొట్టేస్తే అయిపాయె" అన్నడు తలాఠీ.
కొట్టేయనీకి దరఖాస్తు కావాలె.
దరఖాస్తుకు పాత నకలు కావాలె.
ఏ పాత నకలు?

కంప్యూటర్ తెరిచిన.
పోచుబాయి. పోచుబాయి కొత్తది.
పోచుబాయి ఫైనల్. ఫైనల్ రెండు.
అసలు ఫైనల్. సారు దిద్దింది.
సారు దిద్దినంక మళ్ళ దిద్దింది.
పేరు లేనిదొకటి, కరెంటు పోయిన రాత్రిది.
మొత్తం పదిహేడు.
ఒకదాంట్ల మొగని పేరు లచ్చయ్య, ఇంకోదాంట్ల లక్ష్మణ్:
ఎవరో చదువుకున్నోడు దయ తలచి శుద్ధి చేసిండు.
తొమ్మిదో దాంట్ల ఎకరం పక్క చుక్క జరిగింది,
పదకొండుల దాన్ని ఎనుకకు తెచ్చిండ్రు,
తెస్తుంటె ఊరి పేరు ఎగిరిపోయింది.
ప్రతి కాగితం మీద 'తపాసలె' అని ముద్ర.
అబద్ధం గాదు, అందరు చూసిండ్రు.
ఎవరికి వాళ్ళు
తమకు ముందటి కాగితంతోనే సరిచూసిండ్రు.

గీత మాత్రం పదమూడుకు ముందు లేదు.
పదమూడు నేను కొట్టిందే,
ఆఫీసోళ్ళు పంపిన జిరాక్సు చూసి.
ఆ జిరాక్సు తీసింది
నా దుకాణంలనే.

పోచుబాయి స్టూలు మీద కూసోని
కొంగుల మూటగట్టిన పుట్నాలు నములుతాంది.
"దొరికిందా బిడ్డా?"
"దొరకలే అవ్వా."

మిషన్ మూత లేపిన.
అద్దం మీద, ఎడమ అంచుకు నాలుగేళ్ళ దూరంల
గోరంత గీరుడు.
పోయిన ఎండకాలం పిన్ను తీయకుండ
పెట్టిన కట్ట ఒకటి యాదికొచ్చింది.
గుడ్డతోని తుడిచిన. ఉమ్మి పెట్టి తుడిచిన.
తెల్ల కాగితం పెట్టి బటన్ ఒత్తిన.
తెల్ల కాగితం మీద
కానా.

ఏడాది సంది ఎందరి పేర్లు సాగదీసినన్నో.
ఎవరి సున్నా ముందు ఒకటి నిలబడ్డదో,
ఎవరి బిడ్డ పేరుకు కాలు మొలిచిందో,
బడిల, బ్యాంకుల, రేషన్ కాడ
ఎవరు ఎవరితోని కొట్లాడుతున్నరో
నా అద్దం సంగతి తెల్వక.

అవతలి ఒడ్డున తెలంగాణ దీపాలు ముట్టించిండ్రు.
నది ఏటేటా గట్టు దిద్దుతది,
పాత గట్టును యాడా దాచిపెట్టది.
నేను దాచిన. పదిహేడు దాచిన.
దాచినందుకే దొరికిన.

ఉన్నది ఉన్నట్టు చెప్పిన.
ముసల్ది నవ్వలే, తిట్టలే. కాసేపు పుట్నాలు నమిలింది.
"గా జిరాక్సుకు రెండు రూపాలు దీస్కున్నవు గదా" అన్నది.
గల్ల పెట్టెల నుంచి తీసి ఇచ్చిన.
కొంగున పుట్నాల పక్కన కట్టుకుంది.

మళ్ళ మొదటి నుంచి కొట్టిన.
అ కాడికొచ్చి ఆగి, మూడుసార్లు చూసిన,
ఆమెకు చదువు రాకున్నా ఆమెకు గూడ చూపించిన.
"పక్కన ఏం లేదు గదా?"
"ఏం లేదు."
దాచి పేరు పెట్టిన:
పోచుబాయి, గీత లేనిది, ఒకటి.