పసుపు గీత

పొద్దున ఎనిమిదింటికి
సిరొంచ రేవు మెట్లు దిగి
తెల్లపలక మీది నల్లగీతల్ని చదువుత.
మా నాయిన ముప్పై ఏండ్లు చదివిన గీతలే.
ఆయన పోయినంక కొలువు నాకొచ్చింది,
గొడుగూ, తుప్పుపట్టిన టార్చీ, ఈ నదీ.

రిజిస్టరుల మరాఠీ అంకెలు,
నోట్ల తెలుగు లెక్క.
ప్రాణహితకు రెండూ రావు.

పైన చప్రాళ కాడ పుడ్తది.
వార్ధా పత్తిచేల నల్లమట్టి మోసుకొస్తది,
వైనగంగ వరిమళ్లు కడుక్కుంట వస్తది.
ఇద్దరు కలిసి పెట్టుకున్న పేరు
వంద కిలోమీటర్లు దాటి కొంచెం దూరమే ఉంటది.
ఆ తర్వాత గోదారి.
కలిసే కాడ నిలబడి చూసినోళ్లకు తెలుసు
ఎవరి నీళ్లు ఎక్కువో.
పేరు మాత్రం అవతలామెది.

ఎదురొడ్డున కాళేశ్వరం.
ఒక్క పానవట్టం మీద యముడూ శివుడూ,
ఒకే ఇంట్ల కిరాయికున్నట్టు.
శివుని ముక్కురంధ్రంల పోసిన నీళ్లు
లోపల్లోపలనే సంగమం చేరుతయంటరు.
ఎన్ని బిందెలు పోసినా పైకి పొంగయంటరు.
సరస్వతి కూడ అట్లనే, కనపడకుంట వస్తదట.
నేను నమ్ముత.
కానీ ఆ నీళ్లకు గడి లేదు నా రిజిస్టరుల.

గురుడు మీనంల అడుగుపెట్టిన పొద్దు
రేవంత పుష్కరపు జనం.
మైకుల పంతులు గొంతు బొంగురుపోయింది,
చెప్పులు గుట్టలు గుట్టలు,
తప్పిపోయిన పిల్లగాడొకడు నా గొడుగు కింద
బిస్కెట్లు తినుకుంట కూసున్నడు.
అప్పుడొచ్చింది పెంటిపాక ఓదెక్క.
మునగలేదు. నెత్తిమీద చల్లుకోలేదు.
నా పలక దిక్కు చూసి అడిగింది:
"బిడ్డా, ఇక్కడ ఇన్ని గీతలుంటే
నా మిరపచేను మీద ఎన్ని?"

కట్ట కట్టినంక ఎన్కకు తన్నిన నీళ్లల్ల
మూడెకరాలున్నయట ఆమెవి.
బోరుమోటరు, మంచె, పెనిమిటి సమాధి రాయి,
అన్నీ అండ్లనే.
లెక్క నాకు తెలువది.
నా పలక రేవునే కొలుస్తది,
చేన్లను కొలువది.

"సరేతీ" అన్నది.
కొంగున కట్టిన పసుపు విప్పి
నీళ్లల్ల కలిపింది.
"గంగమ్మా, నా చేన్ల ఉన్నవు,
నా ఇంటి ఆడపిల్లవే ఇగ" అని
తడిచెయ్యి నా పలకకు అద్దింది,
నీళ్లు తాకే కాడ, మూడు మీటర్ల నలభై.
అయిదు వేళ్లు.

వానకాలం మునుగుతది ఆ చెయ్యి.
గంటగంటకు లెక్క రాసే రాత్రులు
టార్చి వేసి చూస్త, కనపడది.
ఎండకాలం నీళ్లు జారంగనే
కొంచెం వెలిసి మళ్ల తేల్తది,
చిటికెనవేలు ముందు.

పోయిన నెల చంద్రపూర్ నుంచి సాబ్ వచ్చిండు.
పలక మీద మరక ఏందని అడిగిండు,
తుడిపించమన్నడు.
తుడిచిన అని
రిజిస్టరుల రాసిన.